మ్యాజికల్ గర్ల్ అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్‌లు), వాటి వెనక గొంతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కువగా ఇద్దరు అడుగుతుంటారు. నరుటో, డీమన్ స్లేయర్ లాంటివన్నీ అయిపోయి ఇంకేం చూడాలా అని వెతుకుతున్నవాళ్ళు ఒకరు. ఇంట్లో పాప ఎక్కడో సెయిలర్ మూన్ బొమ్మ చూసి పట్టుబడితే, ఇదేంటో ముందు మనం కనుక్కుందాం అనుకునే అమ్మానాన్నలు ఇంకొకరు. ఇద్దరికీ కలిపి ఒకేచోట రాసేస్తున్నా. కథల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను గొంతుల గురించి కాస్త ఎక్కువే రాశాను. బోర్ కొడితే ఆ ప్రశ్నలు దాటేయండి, నేనేం అనుకోను.

అసలు మ్యాజికల్ గర్ల్ అంటే ఏంటి? అమ్మాయి సూపర్‌హీరో అయితే చాలా?

చాలదు. మామూలు స్కూలు పిల్ల ఉండాలి, హోంవర్క్ ఎగ్గొట్టే రకం అయితే ఇంకా మంచిది. ఆమె చేతికి ఒక వస్తువు వస్తుంది, అద్దమో దండమో లాకెట్టో. మాట్లాడే చిన్న జంతువు ఒకటి వెంటపడుతుంది. ఒక మంత్రం లాంటి మాట గట్టిగా అంటే బట్టలు, జుట్టు, ఒక్కోసారి వయసు కూడా మారిపోతాయి, ఇదంతా ఇంట్లోవాళ్ళకి తెలియకూడదు. జపాన్‌లో వీటిని మహో షోజో అంటారు.

మొదట్లో ఈ మాయతో పక్కింటివాళ్ళ చిక్కులు తీర్చడం, ఒక రోజు పెద్దదాన్నైపోతే ఎలా ఉంటుందో చూసుకోవడం లాంటి చిన్న చిన్న సరదాలే కథ. జట్టుగా నిలబడి రాక్షసులతో తన్నులాడటం తర్వాత వచ్చింది, ఇప్పుడు మ్యాజికల్ గర్ల్ అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది.

ఎక్కడ మొదలైంది?

1966 డిసెంబర్‌లో, తోయె స్టూడియో తీసిన ‘మాంత్రికురాలు సాలీ’తో. మాయాలోకం నుంచి వచ్చిన రాకుమారి మామూలు ఊళ్ళో పిల్లలతో కలిసి బతకడం కథ. దీని మూల మాంగా (జపాన్ బొమ్మల కథ) గీసింది మిత్సుతెరు యొకొయామా, పెద్ద రోబో కథ ‘తెత్సుజిన్ 28’ గీసింది కూడా ఆయనే. అమెరికా సీరియల్ ‘బివిచ్డ్’ అప్పట్లో జపాన్ టీవీలో బాగా ఆడింది, దాన్ని చూసే ఈ ఆలోచన పుట్టింది. మొదటి 17 ఎపిసోడ్లు బ్లాక్ అండ్ వైట్, ఆ తర్వాత రంగులు వచ్చాయి.

1969లో ‘అక్కో చాన్ రహస్యం’ వచ్చింది, ఇందులో పిల్ల పౌడర్ డబ్బా అద్దం చూసి మంత్రం చదివితే కోరుకున్న రూపం వస్తుంది. సాలీకి మాయ పుట్టుకతో వచ్చింది, అక్కోకి వస్తువుతో వచ్చింది. పుట్టుకని దుకాణంలో అమ్మలేం, అద్దాన్ని అమ్మొచ్చు. ఇక్కడి నుంచి బొమ్మల కంపెనీలకీ ఈ కథలకీ విడదీయలేని చుట్టరికం కుదిరింది.

ఆ చుట్టరికం ఎలాంటిదో తెలియాలంటే 1982 నాటి ‘మింకీ మోమో’ చూడాలి. బొమ్మల వ్యాపారం లెక్క కుదరక స్పాన్సర్ తప్పుకోబోతున్నాడని తెలిసి, తీసేవాళ్ళు 46వ ఎపిసోడ్‌లో హీరోయిన్‌ని లారీ కింద పడేసి చంపేశారు! చిన్నపిల్లల కార్టూన్‌లో. ఆ తర్వాత కథ ఇంకా కొన్నాళ్ళు వేరే దారిలో సాగిందనుకోండి, అయినా ఆ దెబ్బ జపాన్ ప్రేక్షకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మోమో గొంతు మామి కొయామాది. 1991లో అదే పేరుతో వచ్చిన కొత్త సిరీస్‌కి మెగుమి హయాషిబారా చెప్పారు.

హీరోయిన్‌కి గొంతు ఇచ్చినావిడే పాటలు కూడా పాడతారా? ఇది ఎప్పటి నుంచి?

1983లో పియరో స్టూడియో ‘క్రీమీ మామి’ తీసింది. పదేళ్ళ పిల్లకి ఒక ఏడాది గడువుతో మాయ దొరుకుతుంది, ఆ మాయతో పదహారేళ్ళ అమ్మాయిగా మారి పాపులర్ సింగర్ అయిపోతుంది. ఆ పాత్రకి అనుభవం ఉన్న నటిని పెట్టకుండా తకాకో ఓతా అనే కొత్త గాయనిని తీసుకొచ్చారు. సిరీస్‌లో మామి స్టేజి ఎక్కి పాడే పాటే బయట ఓతా మొదటి రికార్డు. మొదటి ఎపిసోడ్లలో ఆమె డైలాగులు కాస్త బెరుగ్గానే ఉంటాయి, వింటే తెలిసిపోతుంది. కానీ పాత్ర కూడా అనుకోకుండా స్టార్ అయిన పిల్లే కదా, ఆ బెరుకు అక్కడ అతికినట్టు సరిపోయింది. పాత్ర, గొంతు, పాట, రికార్డు షాపు అన్నీ ఒకే మనిషి చుట్టూ తిప్పే పద్ధతి తర్వాత పరిశ్రమంతా పట్టేసుకుంది.

సెయిలర్ మూన్‌ని అందరూ అంతలా ఎందుకు మోస్తారు?

మోయాల్సిందే. నవోకో తకెయుచి మాంగా ఆధారంగా 1992 మార్చి 7న మొదలై, ఐదు సీజన్లు, 200 ఎపిసోడ్లు, 1997 ఫిబ్రవరి దాకా నడిచింది. అప్పటిదాకా రంగుకొకరు చొప్పున ఐదుగురు కలిసి కొట్లాడటం మగపిల్లల షోల సొత్తు. దాన్ని తీసుకొచ్చి మ్యాజికల్ గర్ల్ కథలో కలిపారు. ఐదుగురు అమ్మాయిలు, ఐదు స్వభావాలు, చూసే ప్రతి పిల్లా నేను ఫలానా అని ఒకరిని ఎంచుకోవచ్చు.

నాకు మాత్రం హీరోయిన్ ఉసాగి, అంటే సెయిలర్ మూన్, ఏడుపు ఇష్టం. పద్నాలుగేళ్ళు, మార్కులు రావు, తిండి పిచ్చి, రాక్షసుడు ఎదురొస్తే ముందు భోరుమంటుంది. ఆమెకి గొంతు ఇచ్చిన కొతొనో మిత్సుయిషి ఆ ఏడుపుని సైరన్ లాగా సాగదీసి, మరుక్షణం చంద్రుడి పేరు మీద నిన్ను శిక్షిస్తా అనే డైలాగ్ దగ్గరికి వచ్చేసరికి గొంతు నిటారుగా నిలబెడుతుంది. నవ్వొచ్చే పిల్ల, నాయకురాలు ఒకే మనిషి అని బొమ్మ కంటే ముందు గొంతే మనని ఒప్పిస్తుంది.

మధ్యలో ఉసాగి గొంతు మారిందని విన్నా, నిజమేనా?

నిజం. మొదటి సీజన్ చివరికొచ్చిన సమయంలో, 1993 మొదట్లో, మిత్సుయిషి ఆరోగ్యం బాగోలేక ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 44వ ఎపిసోడ్ నుంచి 50 దాకా కాయె అరాకి చెప్పారు. ఎపిసోడ్ నంబర్లు చూడండి. 45, 46 అంటే మొదటి సీజన్ క్లైమాక్స్, జట్టులో ఒక్కొక్కరూ పడిపోతూ ఉసాగి ఒంటరిగా మిగిలే ఘట్టం, సిరీస్ మొత్తంలో ఎక్కువ మంది ఏడ్చింది అక్కడే. ఏడాదిపాటు ఇంకొకరు కట్టిన పాత్రలోకి వారం తేడాలో దూరి, అదీ ఈ సీన్లకి, ఎంత టెన్షన్ పడి ఉంటుందో. అరాకి మిత్సుయిషిని అనుకరించే ప్రయత్నం మరీ ఎక్కువ చేయలేదని నా చెవికి అనిపిస్తుంది, కొంచెం పల్చటి గొంతు, కానీ ఆ ఘట్టానికి పనిచేసింది.

మిత్సుయిషి కోలుకుని తిరిగొచ్చారు. రెండో సీజన్‌లో ఉసాగిని ముప్పుతిప్పలు పెట్టే పిల్ల చిబియుసా పాత్ర వచ్చినప్పుడు అది అరాకికే ఇచ్చారు. ఆ చిబియుసా ఎవరో చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళకి నేను చెప్పను, కానీ తెలిశాక ఈ గొంతుల ఎంపిక మీద ఇంకాస్త ముచ్చటేస్తుంది.

2014లో ‘సెయిలర్ మూన్ క్రిస్టల్’ పేరుతో మళ్ళీ తీసినప్పుడు జట్టులో మిగతా నలుగురి గొంతులూ మార్చేశారు, ఉసాగికి మాత్రం మిత్సుయిషినే ఉంచారు. మెర్క్యురీకి అయా హిసాకావా, మార్స్‌కి మిచియె తొమిజావా, జూపిటర్‌కి ఎమి షినొహారా, వీనస్‌కి రికా ఫుకామి అనేది పాత జట్టు. షినొహారా 2024లో చనిపోయారు.

రూపం మారే సీన్ ప్రతి ఎపిసోడ్‌లో అదే ఎందుకు పెడతారు? స్కిప్ చేయొచ్చా?

డబ్బు ఆదా. ఒకసారి బాగా ఖర్చుపెట్టి, మంచి యానిమేటర్లతో గీయించుకుని, ప్రతి వారం దాన్నే వాడతారు. వారం వారం ఒక ఎపిసోడ్ ఇవ్వాలంటే ఇలాంటి దాచుకున్న ముక్కలు ఉండాల్సిందే, వాళ్ళ భాషలో దీన్ని బ్యాంక్ అంటారు. పిల్లలకి అది విసుగు కాదు. ఎప్పుడొస్తుందో తెలుసు, పాట తెలుసు, చేతులు ఎటు తిప్పాలో తెలుసు, టీవీ ముందు నిలబడి చేసేస్తారు. చేతిలో ఉండే దండం దుకాణంలో దొరుకుతుంది అనేది మర్చిపోకండి, ఆ సీన్ ఒకరకంగా యాడ్ కూడా.

స్కిప్ చేయండి, తప్పేం లేదు. కానీ సిరీస్‌లో మంచి దర్శకుడు ఉంటే ఏదో ఒక రోజు ఆ సీన్‌ని సగంలో ఆపేస్తాడు, లేదా పాట లేకుండా వదిలేస్తాడు. రోజూ స్కిప్ చేసేవాళ్ళకి ఆ దెబ్బ తగలదు.

వాళ్ళు డబ్బింగ్ ఎలా చెబుతారు? మన సినిమా డబ్బింగ్ లాంటిదేనా?

కొంత. అమెరికా యానిమేషన్ సినిమాల్లో ఎక్కువగా ముందు గొంతు రికార్డ్ చేసి దానికి తగ్గట్టు బొమ్మ గీస్తారు. జపాన్ టీవీ అనిమేలో బొమ్మ ముందు, గొంతు తర్వాత. ఆ లెక్కన మన పద్ధతికి దగ్గర. తేడా ఏంటంటే మన దగ్గర ఎవరి డైలాగులు వాళ్ళు ఒంటరిగా చెప్పేసి వెళ్ళిపోవడం మామూలు, అక్కడ ఎపిసోడ్‌లో ఉన్నవాళ్ళంతా ఒకే గదిలో కూర్చుంటారు.

గది ఎలా ఉంటుందంటే, ముందు స్క్రీన్, దాని ముందు వరసగా మూడో నాలుగో మైకులు, వెనక గోడ చుట్టూ కుర్చీలు. పాత్రలేమో పదిహేనుమంది. నీ డైలాగ్ వచ్చేలోపు లేచి, ఖాళీగా ఉన్న మైకు చూసుకుని, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళి నిలబడాలి, ఒక చేత్తో స్క్రిప్టు, ఒక కన్ను స్క్రీన్ మీద, ఒక కన్ను కాగితం మీద. డైలాగ్ అయిపోగానే పక్కకి జరిగి ఇంకొకరికి చోటివ్వాలి. పేజీ తిప్పితే గరగరమనకూడదు. సరసరలాడే బట్టలు వేసుకురాకూడదు, గాజులు, గొలుసులు తీసేయాలి. ఎవరు ఏ మైకు వాడాలో ఎవరూ చెప్పరు, పెద్దవాళ్ళని చూసి కొత్తవాళ్ళు నేర్చుకుంటారు.

ఇంతా చేస్తే చాలాసార్లు బొమ్మ పూర్తయి ఉండదు. పెన్సిల్ గీతలు, ఒక్కోసారి ఉత్త స్టోరీబోర్డు, దాని మీద పాత్ర పేరు ఎంతసేపు కనిపిస్తే అంతసేపట్లో డైలాగ్ ముగించాలి. కాబట్టి మీరు చూసే కన్నీళ్ళు గొంతు చెప్పినప్పుడు స్క్రీన్ మీద ఉండకపోవచ్చు.

కోవిడ్ వచ్చాక ఇద్దరు ముగ్గురు చొప్పున విడివిడిగా రికార్డ్ చేయడం మొదలైంది. ఎదుటి మనిషి ఊపిరి వింటూ బదులు చెప్పడానికీ, ఖాళీకి బదులు చెప్పడానికీ తేడా ఉంటుంది మరి.

మన డబ్బింగ్ ఆర్టిస్టుల్ని ఎవరూ గుర్తుపట్టరు, వాళ్ళకేమో స్టేడియాలు నిండుతాయి. ఎందుకలా?

మన దగ్గర గొంతు వెనక ఒక ముఖం ముందే ఉంది, అదే కారణం. సరిత, రోజారమణి, సునీత, చిన్మయి ఎంతమంది హీరోయిన్లకి ప్రాణం పోశారో మనకి తెలుసు, ‘ఏ మాయ చేసావె’లో సమంతలో సగం చిన్మయే. అయినా పోస్టర్ మీద ముఖం వేరేవాళ్ళది. నంది అవార్డుల్లో డబ్బింగ్‌కి కూడా ఒకటి ఉండేది, అంతకు మించి ఫ్యాన్ క్లబ్బులేం లేవు. అనిమేలో పాత్రకి ముఖం లేదు, ఉన్నది గీత. ఆ పాత్ర మీద ఇష్టం బయటి ప్రపంచంలో ఎవరో ఒక మనిషి మీద వాలాలంటే గొంతు ఇచ్చిన మనిషి తప్ప దిక్కులేదు. సెయ్యూ అని పిలుస్తారు వాళ్ళని. వాళ్ళకి ఏజెన్సీలు, ట్రైనింగ్ స్కూళ్ళు, రేడియో షోలు, 2007 నుంచి ఏటా అవార్డులు కూడా ఉన్నాయి.

ఇది ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి నానా మిజుకి కథ ఒక్కటి చాలు. ఎహిమె ప్రాంతంలోని నీహామా అనే ఊరి అమ్మాయి, చిన్నప్పుడు నాన్న దగ్గర ఎంకా పాటలు నేర్చుకుంది, ఎంకా అంటే జపాన్ పాతతరం విరహ గీతాల్లాంటివి. నరుటోలో హినాటా గొంతు ఆమెదే. 2004లో ‘లిరికల్ నానోహా’ అనే మ్యాజికల్ గర్ల్ సిరీస్ వచ్చింది, హీరోయిన్ నానోహాకి యుకారి తమురా, ఆమెకి ఎదురు నిలిచే ఫేట్ అనే పిల్లకి మిజుకి. టైటిల్ పాట కూడా మిజుకిదే. 2009లో ఆమె ఆల్బమ్ జపాన్ పాటల అమ్మకాల జాబితా ఒరికాన్ చార్టులో మొదటి స్థానానికి వచ్చింది, ఒక సెయ్యూకి అది మొదటిసారి. ఆ ఏడాది చివర జపాన్ ప్రభుత్వ టీవీ ఎన్‌హెచ్‌కే కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి వేసే పాటల పోటీ కోహకులో పాడింది, దేశమంతా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కార్యక్రమం అది. 2010 జనవరిలో ఆమె సింగిల్ కూడా నంబర్ వన్ అయింది, ఆ పాట నానోహా సినిమాకి రాసిందే. 2011 డిసెంబర్‌లో టోక్యో డోమ్‌లో కచేరీ. అర్ధరాత్రి టీవీలో వేసే చిన్న సిరీస్‌తో మొదలైన పాత్ర వెంట ఇదంతా నడిచింది.

అంటే సెయ్యూలు బాగా సంపాదిస్తారన్నమాట?

పైనున్న పిడికెడు మంది. కొత్తవాళ్ళ సంగతి వేరు. నటుల సంఘం పెట్టిన ర్యాంకు పద్ధతి ప్రకారం జూనియర్‌కి అరగంట ఎపిసోడ్‌కి 15,000 యెన్లు. మన లెక్కలో ఎనిమిది తొమ్మిది వేల రూపాయలు, అందులోంచి ఏజెన్సీ వాటా పోతుంది, పన్ను పోతుంది. ఎపిసోడ్‌లో రెండొందల డైలాగులు చెప్పినా అంతే, “బాబోయ్” అని ఒక్క అరుపు అరిచినా అంతే. వారానికి ఒకటి రెండు పాత్రలు దొరికితే గొప్ప. అందుకే చాలామంది పక్కన ఇంకో ఉద్యోగం చేసుకుంటూనే ఆడిషన్లకి తిరుగుతారు, పాటలు, ఈవెంట్లు, రేడియో అన్నీ అందుకే.

ఈ గొంతు ఎక్కడో విన్నానే అనిపిస్తుంది. ఎక్కడ?

డోరేమాన్ చూశారా? మనలో చాలామంది తెలుగులోనే చూసి పెరిగాం. 2005 నుంచి వస్తున్న జపనీస్ డోరేమాన్‌లో నొబితాని రోజూ చదువుకోమని తిట్టే అమ్మ గొంతు మన ఉసాగిదే, కొతొనో మిత్సుయిషి. చదువంటే పారిపోయే పిల్లకి గొంతు ఇచ్చినావిడ చదవమని అరుస్తుంది, ఈ సంగతి తెలిశాక ఆ తిట్లు వింటే నవ్వాగదు. ఎవాంగెలియన్ అనే రోబో అనిమేలో మిసాతో కూడా ఆమే. అదే ఎవాంగెలియన్‌లో షింజీకి చెప్పిన మెగుమి ఒగాతా సెయిలర్ మూన్‌లో యురేనస్.

పికాచు గొంతు ఇకుయె ఓతానిది, ఆవిడ ‘ఒజమాజో డొరెమి’ అనే మ్యాజికల్ గర్ల్ సిరీస్‌లో హనా. ఘిబ్లి సినిమాలు ఇష్టపడేవాళ్ళకి, ‘విస్పర్ ఆఫ్ ద హార్ట్’లో షిజుకుకి చెప్పిన యోకో హొన్నానే ప్రిక్యూర్ అనే మ్యాజికల్ గర్ల్ సిరీస్ మొట్టమొదటి సీజన్‌లో క్యూర్ బ్లాక్.

అయా హిసాకావా సంగతి అయితే మరీ విచిత్రం. 1992లో సెయిలర్ మెర్క్యురీ, అంటే నెమ్మదస్తురాలు, క్లాస్ ఫస్ట్. 1998లో ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’ సిరీస్‌లో హీరోయిన్ సకురా పక్కన ఎగిరే చిన్న జంతువు కెరో. 2010లో ‘హార్ట్‌క్యాచ్ ప్రిక్యూర్’లో క్యూర్ మూన్‌లైట్, చాలా దుఃఖం దాచుకున్న పెద్దమ్మాయి. 2017లో హిరొమి త్సురు చనిపోయాక డ్రాగన్ బాల్‌లో బుల్మా బాధ్యత కూడా ఆవిడ మీదే పడింది.

కెరో ఆ తమాషా యాస ఏంటి?

ఒసాకా యాస. ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’లో కార్డుల పుస్తకానికి కాపలా ఉండాల్సిన కెరో ఏళ్ళ తరబడి ఒసాకాలో నిద్రపోయాడట, అందుకని ఆ యాస పట్టుకుందట. మహా శక్తిమంతుడైన కాపలాదారుడు నోరు తెరిస్తే ఇలా మాట్లాడటం, పైగా పుడ్డింగ్ కోసం కొట్లాడటం. హిసాకావా సొంత ఊరు ఒసాకా వైపే, అందుకే అది నటనలా వినిపించదు. ఇంగ్లీష్ డబ్బింగ్‌లో ఈ రుచి మొత్తం పోయింది. గోదావరి యాసలో రాసిన పాత్రని పుస్తక భాషలో చదివితే ఏం మిగులుతుంది చెప్పండి.

సిరీస్ గురించి రెండు ముక్కలు: క్లాంప్ అనే మహిళల బృందం గీసిన మాంగా, మ్యాడ్‌హౌస్ స్టూడియో, 1998 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌కేలో మొదలు, 70 ఎపిసోడ్లు. హీరోయిన్ పేరు సకురా, గొంతు సకురా తాంగె, పేరు కలవడం కాకతాళీయమే. 2018లో ‘క్లియర్ కార్డ్’ వచ్చినప్పుడు అదే సకురా, అదే కెరో, సకురా స్నేహితురాలు తొమొయోగా అదే జుంకో ఇవావో. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ పిల్ల కంగారుపడితే “హొయే” అని అదే కూత. ఇందులో విలన్లు లేరు దాదాపుగా, చిన్నపిల్లలతో కూర్చుని చూడటానికి నా దృష్టిలో ఇంతకంటే మంచిది లేదు.

ప్రిక్యూర్‌లో ఇన్ని సీజన్లు ఏంటి, ఎక్కడ మొదలుపెట్టాలి?

వరసలో చూడక్కర్లేదు. 2004 ఫిబ్రవరి 1న మొదలైంది, ఒకటి రెండు తప్పిస్తే ఏటా ఫిబ్రవరిలో కొత్త పిల్లలు, కొత్త గొంతులు, కొత్త బొమ్మలు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి వస్తుంది. మొదటి సీజన్‌కి డ్రాగన్ బాల్ దర్శకుల్లో ఒకరైన దైసుకె నిషియోని పెట్టారు, అందుకే ఆ అమ్మాయిలు దండం ఊపే ముందు రాక్షసుడిని గోడకేసి కొడతారు. నిర్మాత తకాషి వషియో ఉద్దేశం కూడా అదే, ఆడపిల్లలకీ తన్నాలని ఉంటుంది అని.

ఒక్కటే చూస్తానంటే ‘హార్ట్‌క్యాచ్’ చూడండి. మిజుకి ఇందులో క్యూర్ బ్లాసమ్, అంత పెద్ద గాయని సిగ్గుతో మాట పెగలని పిల్లలా చెబుతుంది.

అబ్బాయిలు? 2018 సీజన్‌లో ఒక అబ్బాయి కాసేపు ప్రిక్యూర్ అయ్యాడు. 2023లో ‘హిరొగారు స్కై’ వచ్చాక క్యూర్ వింగ్ జట్టులో పూర్తిస్థాయి సభ్యుడు, గొంతు అయుము మురాసె.

సినిమాలకి వెళ్తే జపాన్‌లో పిల్లలకి గేటు దగ్గర చిన్న లైటు ఇస్తారు, 2007 నుంచి ఉన్న అలవాటు. హీరోయిన్లు ఓడిపోతున్నప్పుడు తెర మీది జంతువు లైట్లు ఊపండి అని బతిమాలుతుంది, హాలంతా చిన్న చిన్న చేతులు ఊపుతుంటాయి. వెనక వరసలో పెద్ద మగవాళ్ళు కూర్చుంటారు, లైటు పిల్లలకే కాబట్టి వాళ్ళ చేతులు ఖాళీ.

మదోకా మ్యాజికా మా పాపకి పెట్టొచ్చా? బొమ్మలు ముద్దుగా ఉన్నాయి.

వద్దు. దయచేసి వద్దు. పోస్టర్ చూసి మోసపోకండి, అది కావాలని చేసిన మోసం. 2011 జనవరిలో షాఫ్ట్ స్టూడియో తీసింది, దర్శకుడు అకియుకి షింబో (నానోహా మొదటి సిరీస్ కూడా ఆయనే), రచన గెన్ ఉరొబుచి, సంగీతం యుకి కజియురా. 12 ఎపిసోడ్లే. మార్చి 11 భూకంపం, సునామీ వల్ల చివరి రెండూ ఆగిపోయి ఏప్రిల్ 21, 22 తేదీల్లో ప్రసారమయ్యాయి. మూడో ఎపిసోడ్ దాకా చూస్తే ఎందుకు వద్దన్నానో తెలుస్తుంది. టీనేజ్ దాటినవాళ్ళు, ముందు రెండు మూడు మామూలు మ్యాజికల్ గర్ల్ సిరీస్‌లు చూసినవాళ్ళు తప్పకుండా చూడాలి.

ఇందులో క్యూబే గొంతు గురించి చెప్పాలి. తెల్లటి పిల్లిలాంటి జంతువు, నాతో ఒప్పందం చేసుకో, నీ కోరిక తీరుస్తా అని అడుగుతుంటుంది. మాట్లాడేటప్పుడు నోరు కదలదు, కళ్ళు మారవు. ఎమిరి కాతో మొదటి ఎపిసోడ్‌లో ముద్దుగా, తేలిగ్గా, పాలు కావాలా అన్నట్టు చెబుతుంది. భయంకరమైన నిజాలు బయటపడే ఎపిసోడ్లలో కూడా సరిగ్గా అదే ముద్దు, అదే తేలిక, పిసరంత కూడా బరువు పెంచదు. వేరే ఎవరైనా అయితే అక్కడ గొంతు తగ్గించి విలనీ పలికించేవాళ్ళు. పెంచకపోవడం వల్లే వెన్నులో చలి పుడుతుంది.

ఇందులో ఇంకో అమ్మాయి హొమురాకి చెప్పిన చివా సైతో పనితనం 10వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది, అంతకుమించి చెప్తే కథ చెప్పినట్టవుతుంది. హీరోయిన్ మదోకా గొంతు అయొయి యుకిది, అప్పటికి పద్దెనిమిదేళ్ళు. మరుసటి ఏడాది సెయ్యూ అవార్డుల్లో ఉత్తమ నటి.

సబ్‌టైటిల్సా, డబ్బింగా? తెలుగులో ఉన్నాయా?

తెలుగు డబ్బింగ్ ఇప్పుడిప్పుడే ఊపందుకుంది, సోలో లెవెలింగ్, జుజుత్సు కైసెన్ తెలుగులో వచ్చాయి, 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులో థియేటర్లకే వచ్చింది. ఆ వరసలో మ్యాజికల్ గర్ల్ వంతు పెద్దగా రాలేదు, కొట్లాటలకి ఉన్న గిరాకీ వీటికి లేదు మరి.

ఇంగ్లీష్‌లో చూసేవాళ్ళు ఏ ఇంగ్లీషో చూసుకోవాలి. తొంభైల్లో అమెరికాకి వెళ్ళిన సెయిలర్ మూన్‌లో ఉసాగిని సెరీనా చేశారు, ప్రేమికులైన యురేనస్, నెప్ట్యూన్ ఇద్దరమ్మాయిల్నీ చుట్టాలని చెప్పి కప్పేశారు, దాంతో ఆ ఇద్దరు చుట్టాలు ఒకరినొకరు చూసుకునే చూపులు ఇంకా అయోమయంగా తయారయ్యాయి. 2014 నుంచి వచ్చిన కొత్త డబ్బింగ్‌లో ఇవన్నీ సరిచేశారు. సకురాని ‘కార్డ్‌క్యాప్టర్స్’ పేరుతో 70 ఎపిసోడ్ల నుంచి 39కి కోసి, వరస మార్చి, అబ్బాయిలు కూడా చూడాలని సకురాతో కార్డుల కోసం పోటీపడే అబ్బాయి షావొరన్‌ని ముందుకు తోశారు. దాన్ని చూడకండి.

చదవడం వచ్చిన వయసు వాళ్ళైతే జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్. ఇంతసేపు గొంతుల గురించి చెప్పి ఇంకో మాట ఎలా చెప్తాను.

నేను అబ్బాయిని. చూస్తే ఫ్రెండ్స్ ఏడిపిస్తారా?

ఏడిపిస్తారు. మదోకా పెట్టి కూర్చోబెట్టండి.

నాకు సెయ్యూ అవ్వాలని ఉంది. జపాన్ వెళ్ళాలా?

జపనీస్ మాతృభాషలా రాకపోతే కష్టం, ఒక్క అక్షరం దగ్గర స్వరం ఎత్తు తప్పినా వెనక్కి పంపిస్తారు. అక్కడి పిల్లలే ట్రైనింగ్ స్కూళ్ళలో రెండేళ్ళు, మూడేళ్ళు ఫీజులు కట్టి, చివరికి ఏజెన్సీలో చోటు దొరక్క ఇళ్ళకి వెళ్తున్నారు. హైదరాబాద్‌లో డబ్బింగ్ స్టూడియోలు ఉన్నాయి, అనిమే పని కూడా వస్తోంది, ముందు అటు చూడండి. ట్రైనింగ్ ఇస్తాం, ఛాన్స్ గ్యారంటీ, ముందు లక్ష కట్టండి అనేవాళ్ళ జోలికి వెళ్ళకండి.

ప్రాక్టీసుకి ఒక నిమిషం సీన్ తీసుకోండి. ఒకసారి వినండి, తర్వాత మ్యూట్ చేసి, డైలాగులు తెలుగులో మీరే రాసుకుని, నోటి కదలికకి సరిపోయేలా చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేయండి. పెదాలకి అందే అక్షరాలతో వాక్యం ఆపడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. మొదట అరుపుల సీన్లు ఎంచుకోకండి, గొంతు పోతుంది, ఇద్దరు ఫ్రెండ్స్ దారిలో మాట్లాడుకుంటూ నడిచే సీన్ చాలు. ఆ వీడియో మాత్రం ఎక్కడా అప్‌లోడ్ చేయకండి, కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు.